స్లాబుకు ముందు తనిఖీ: అమీర్‌పేట, పంజాగుట్ట ఇళ్ల నిర్మాణంలో చట్రం పరిశీలన

కొత్త ఇంటి సెంట్రింగ్‌ను (పచ్చి కాంక్రీటును మోసే తాత్కాలిక చట్రాన్ని), దాని మీద కట్టిన ఇనుమును, మధ్యలో పరిచిన కరెంటు పైపులను కాంక్రీటు కప్పేయకముందే డ్రాయింగులతో సరిచూడడాన్ని స్లాబుకు ముందు తనిఖీ అంటారు. కాంక్రీటు కొన్ని గంటల్లో గట్టిపడుతుంది. ఆ తర్వాత లోపల ఎన్ని రాడ్లు ఉన్నాయో, ఎంతెంత ఎడంలో ఉన్నాయో కంటికి కనిపించదు. అందుకే ఇంటి బలానికి సంబంధించిన పరిశీలనల్లో ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. హైదరాబాదు నడిబొడ్డున అమీర్‌పేట, పంజాగుట్ట కాలనీల్లో పాత ఇళ్లు తీసేసి, పార్కింగుకు వదిలిన స్టిల్ట్ మీద అంతస్తులు లేపుతున్నచోట ప్రతి స్లాబుకూ ఈ తనిఖీ అవసరమవుతుంది. ఐదు అంతస్తుల ఇంటికి కనీసం ఐదుసార్లు, పునాదుల్నీ పిల్లర్లనీ కలుపుకుంటే అంతకన్నా ఎక్కువసార్లు చేయవలసి వస్తుంది.

కర్ర చట్రం, కాంక్రీటు చట్రం

అమెరికా, కెనడా దేశాల్లో మామూలు ఇంటికి అస్థిపంజరం కర్రే. నిలువు కర్రలు, దూలాలు, కప్పు వాసాలు నిలబెట్టి, గోడల మధ్య నీటి గొట్టాలు, కరెంటు తీగలు లాగిన తర్వాత ఊరి భవన శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. ఆయన ఒప్పుకున్నాకే గోడలకు జిప్సం బోర్డులు బిగిస్తారు. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో కొత్త ఇల్లు కట్టించుకున్న తెలుగు కుటుంబాలకు ఈ దశ బాగా తెలుసు.

హైదరాబాదులో కూడా ఒకప్పుడు ఇంటి కప్పును కర్రే మోసేది. రాతి గోడల మీద టేకు దూలాలు, వాటి మీద వాసాలు, పైన సున్నపు మిద్దెగానీ పెంకులుగానీ ఉండేవి. ఇనుము, సిమెంటు అందుబాటులోకి వచ్చాక పిల్లర్లు, బీములు, స్లాబులతో కూడిన కాంక్రీటు చట్రం ఆ స్థానం తీసుకుంది. ఇప్పుడు కొత్త ఇంట్లో కర్ర ప్రధానంగా రెండు చోట్ల మిగిలింది. ఒకటి దర్వాజాలు, కిటికీల చట్రాలు. రెండోది సెంట్రింగ్. ఈ రెండోది తాత్కాలికం. పచ్చి కాంక్రీటుకు ఆకారమిచ్చి, అది తన కాళ్ల మీద తాను నిలబడేదాకా మోసి, ఆ తర్వాత విడిపోతుంది. కర్ర ఇళ్ల దేశాల్లో గోడ మూయకముందు చేసే తనిఖీకి ఇక్కడ సమానమైనది సెంట్రింగ్ మీద కాంక్రీటు పోయకముందు చేసే తనిఖీ. మూసేశాక చూడలేనిదాన్ని మూయకముందే చూడాలన్న సూత్రం రెండు చోట్లా ఒకటే. కాకపోతే తప్పు జరిగితే కర్ర గోడ మీది బోర్డు విప్పి చూడవచ్చు. కాంక్రీటును పగలగొట్టక తప్పదు.

ప్రాంత స్వభావం

హైదరాబాదు అడుగున చాలామేర గ్రానైటు రాయి ఉంది. దాని పై పొర ఎండకూ వానకూ శిథిలమై మొరంగా మారింది. పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉంది. ఇలాంటి చోట్ల పునాది తవ్వకంలో కొద్ది అడుగుల్లోనే బండ తగలవచ్చు. పక్కనే ఉన్న బల్కంపేటలో ఎల్లమ్మ అమ్మవారు నేలమట్టానికి దిగువన, బావిలో కొలువై ఉంది. గుట్టలూ పల్లాలూ ఇలా పక్కపక్కనే ఉండడంతో రెండు ప్లాట్ల అవతల తగిలిన బండ ఈ ప్లాటులో అదే లోతున తగులుతుందని అనుకోకూడదు. ఒకే ఇంటి పునాదిలో ఒక మూల బండ, మరో మూల పూడ్చిన మట్టి ఉంటే కట్టడం అసమానంగా కుంగి గోడలు పగుళ్లిస్తాయి. కాబట్టి ప్రతి ఫుటింగు (పిల్లరు పాదం) గుంత అడుగునూ విడిగా చూడాలి.

రెండో సమస్య ఇరుకు. సంజీవరెడ్డి నగర్, ఎల్లారెడ్డిగూడ, ద్వారకాపురి కాలనీ వంటి చోట్ల ప్లాట్లు చిన్నవి, పక్కింటి గోడ దగ్గర. కంకర, ఇసుక, ఇనుము దింపడానికి రోడ్డు తప్ప వేరే జాగా ఉండదు. అమీర్‌పేట కూడలిలో 2017 నవంబరు నుంచి మెట్రో నడుస్తోంది. అప్పటి నుంచే ఇది రెండు మార్గాలు కలిసే స్టేషన్. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ వైపు మార్గం కూడా తెరుచుకుంది. ఇంత రద్దీలో, పగటిపూట భారీ వాహనాల మీద ఆంక్షలు ఉండే నగరంలో, కాంక్రీటు లారీ ఎప్పుడు వస్తుందన్నది పోత నాణ్యతను నేరుగా ప్రభావితం చేస్తుంది.

మూడోది కరెంటు లైన్లు. మార్కెట్లో రాడ్డు మామూలుగా 12 మీటర్ల పొడవు ఉంటుంది. దాన్ని పై అంతస్తుకు ఎత్తేటప్పుడు వీధిలోని తీగను తాకితే పట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. 11 కేవీ లైనుకూ కట్టడానికీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలని విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. బాల్కనీ సెంట్రింగ్ ఆ హద్దులోకి పొడుచుకు రాకుండా మొదటి స్లాబు దగ్గరే చూసుకోవాలి.

తనిఖీ ఎవరి బాధ్యత

హైదరాబాదు మహానగర పాలక సంస్థ, అంటే జీహెచ్‌ఎంసీ, 2007 ఏప్రిల్ 16న ఏర్పడింది. ఇక్కడి కట్టడాలకు 2012 ఏప్రిల్ 7న వెలువడిన 168వ నంబరు జీవోలోని భవన నిబంధనలు ఆధారం. 2020లో తెలంగాణ ప్రభుత్వం భవన అనుమతుల కోసం టీఎస్-బీపాస్ చట్టం తెచ్చింది. ఆ ఏడాది నవంబరు 16 నుంచి ఆ విధానం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి అనుమతి అవసరం లేదు, ఒక రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించినవాటికి ఏకగవాక్ష పద్ధతిలో 21 రోజుల గడువు ఉంది. స్వీయ ధ్రువీకరణలో తప్పు చెప్పినట్టు తేలితే, ప్లానుకు విరుద్ధంగా కట్టినట్టు తేలితే కఠిన చర్యలకు, కూల్చివేతకు కూడా చట్టం అవకాశమిచ్చింది.

ఈ ఏర్పాటులో ఒక విషయం ఇంటివారికి స్పష్టంగా తెలిసి ఉండాలి. మున్సిపల్ సిబ్బంది ప్రధానంగా చూసేది స్థలం హద్దులు, చుట్టూ వదిలిన సెట్‌బ్యాకులు, ఎత్తు, అంతస్తుల సంఖ్య, పార్కింగు, రోడ్డు వెడల్పుకు వదలవలసిన జాగా. స్లాబులో ఎన్ని రాడ్లు వేశారన్నది లెక్కపెట్టే పని లైసెన్సు పొందిన స్ట్రక్చరల్ ఇంజనీరుది, సైటు ఇంజనీరుది. డిజైనుకు తాను బాధ్యుడినని ఇంజనీరు రాతపూర్వకంగా హామీ ఇస్తాడు. ఆ హామీ కాగితం మీదే ఆగిపోకుండా, పోతకు ముందు ఆయన స్వయంగా వచ్చి చూసేలా ఏర్పాటు చేసుకోవలసింది యజమాని. గృహ రుణమిచ్చిన బ్యాంకు తన ఇంజనీరును పంపినా, ఆయన వచ్చేది పని ఏ దశకు చేరిందో చూసి తర్వాతి విడత సొమ్ము విడుదల చేయడానికి. మున్సిపల్ సిబ్బంది సందర్శననుగానీ బ్యాంకు ఇంజనీరు సందర్శననుగానీ బలం తనిఖీగా పొరబడకూడదు.

దగ్గర ఉంచుకోవలసిన కాగితాలు

తనిఖీకి వచ్చినవారు పోల్చి చూడడానికి సైటులో కొన్ని కాగితాలు సిద్ధంగా ఉండాలి. మంజూరైన ప్లాను, స్ట్రక్చరల్ డ్రాయింగులు, మట్టి పరీక్ష నివేదిక, ఇనుము, సిమెంటు కొన్న బిల్లులు, ఇనుము మిల్లు ఇచ్చిన పరీక్షా పత్రం, కాంక్రీటు మిక్స్ డిజైను, అంతకు ముందు పోతల కాంక్రీటు క్యూబుల బలం పరీక్షల ఫలితాలు వీటిలో ముఖ్యమైనవి. డ్రాయింగు మీద సవరణ తేదీ చూడడం మరవకూడదు. యజమాని మధ్యలో గది మార్చమంటే ఇంజనీరు కొత్త డ్రాయింగు ఇస్తాడు. మేస్త్రీ చేతిలో మాత్రం పాతదే ఉండిపోతుంది. సైటు తప్పుల్లో చాలావాటికి మూలం ఈ పాత కాగితమే. కొత్తది రాగానే పాతదాని మీద అడ్డంగా గీత కొట్టి తీసేయడం మంచి పద్ధతి.

పునాది, పిల్లర్లు

మొదటి తనిఖీ గుంత దగ్గరే జరగాలి. అడుగు గట్టి నేల చేరిందా, నీళ్లూ వదులు మట్టీ తీసేశారా అని చూసి, ఆ తర్వాత పలుచని కాంక్రీటు పరుపు వేస్తారు. దాని మీద ఫుటింగు జాలీ కూర్చుంటుంది. కాంక్రీటు నిర్మాణానికి దేశమంతా అనుసరించే ప్రమాణం ఐఎస్ 456. దాని 2000 నాటి కూర్పు ప్రకారం ఫుటింగులో ఇనుము చుట్టూ కనీసం 50 మిల్లీమీటర్లు, పిల్లర్లో 40 మిల్లీమీటర్లు కాంక్రీటు కవరు ఉండాలి.

పిల్లర్లకు కనీసం నాలుగు నిలువు రాడ్లు ఉండాలి, ఏదీ 12 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వాటిని చుట్టి ఉండే రింగుల ఎడం మూడు కొలతల్లో ఏది చిన్నదైతే దాన్ని మించకూడదు: పిల్లరు సన్నని వైపు వెడల్పు, సన్నని నిలువు రాడ్డు మందానికి 16 రెట్లు, 300 మిల్లీమీటర్లు. 9 అంగుళాల పిల్లర్లో 12 మిల్లీమీటర్ల రాడ్లు వేస్తే 16 రెట్ల లెక్కన 192 మిల్లీమీటర్లు వస్తుంది. కాబట్టి అక్కడ రింగుల మధ్య ఎడం దాదాపు ఏడున్నర అంగుళాలు దాటకూడదు.

రింగు కొనలు ఎలా వంచారన్నది ఇంకా ముఖ్యం. కొనను 90 డిగ్రీలు మాత్రమే వంచితే భూకంపంలో పిల్లరు పైపొర రాలగానే రింగు విడిపోతుంది. 135 డిగ్రీలు లోపలికి వంచి, కొన కనీసం 65 మిల్లీమీటర్లు ఉంచాలని ఐఎస్ 13920 చెబుతుంది. ఆ ప్రమాణం మూడు, నాలుగు, ఐదు భూకంప మండలాలకు తప్పనిసరి. ఐఎస్ 1893 ప్రమాణం 2016 కూర్పులోని పటంలో హైదరాబాదు రెండో మండలంలో ఉంది. అయినా కొన లోపలికి వంచడానికి అదనపు ఖర్చు దాదాపు ఏమీ లేదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన ప్రకంపనలు హైదరాబాదులో కూడా తెలిశాయి. ముప్పు తక్కువ ఉన్న ప్రాంతాన్ని అసలు ముప్పు లేని ప్రాంతంగా చూడకూడదు.

పిల్లరు బాక్సు బిగించాక రెండు పక్కల గుండు వేసి నిలువు చూడాలి. కింది అంతస్తు పిల్లరు మధ్య గీతకూ పై పిల్లరు మధ్య గీతకూ తేడా రాకూడదు. తేడా వచ్చిందని నిలువు రాడ్లను అడ్డంగా లాగి సరిపెట్టడం పెద్ద తప్పు. అలా వంగిన రాడ్డు బరువును నేరుగా కిందికి దించదు, పిల్లరును పక్కకు తోస్తుంది.

సెంట్రింగ్

సెంట్రింగ్‌కు మూడు పనులున్నాయి: ఆకారం నిలపాలి, బరువు మోయాలి, సిమెంటు పాలు కారిపోకుండా ఆపాలి. పూర్వం కోస్తాలోని సరుగుడు తోటల నుంచి వచ్చే సర్వీ కర్రలు, టేకు కాని చెక్క బల్లలు వాడేవారు. ఇప్పుడు నగరంలో ఇనుప జాకీలు (నిలువు ఆసరాలు), ఇనుప షీట్లు, ప్లైవుడ్ ఎక్కువగా కనిపిస్తాయి. చిన్న పనుల్లో కర్రలూ వాడుతున్నారు.

బరువు ఎంతో అంచనా ఉంటేనే జాగ్రత్త కలుగుతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గది మీద 5 అంగుళాల స్లాబు పోస్తే పచ్చి కాంక్రీటు ఒక్కటే సుమారు మూడున్నర టన్నులు ఉంటుంది. దానికి ఇనుము, పంపు పైపు, వైబ్రేటరు, పదిమంది కూలీల బరువు కలుస్తాయి. ఆ రోజంతా ఈ బరువును జాకీలే మోస్తాయి. 2007 సెప్టెంబరు 9న పంజాగుట్టలో నిర్మాణంలో ఉన్న ఫ్లైఓవర్ భాగం కూలి ప్రాణాలు పోయాయి. కట్టడం పూర్తి కాకముందు అది ఎంత నిస్సహాయంగా ఉంటుందో ఆ దుర్ఘటన నగరానికి గుర్తుచేసింది. తాత్కాలిక ఆసరాల మీద భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 14687ను 1999లోనే వెలువరించింది.

జాకీల తనిఖీని కింది నుంచి పైకి చేయడం మేలు. జాకీ కింద పలక ఉండాలి, పలక గట్టి నేల మీదగానీ కింది స్లాబు మీదగానీ కూర్చోవాలి. స్టిల్ట్ అంతస్తులో తాజాగా పూడ్చిన మట్టి మీద జాకీలు నిలబెడితే వాన పడగానే దిగబడతాయి. ఇటుక ముక్కలు పేర్చి ఎత్తు సరిపెట్టడం ప్రమాదకరం. జాకీ నిటారుగా ఉందా, పిన్ను అసలైనదేనా లేక తెగిన రాడ్డు ముక్కా, రెండు దిశల్లో అడ్డకట్లు కట్టారా అన్నవి చూడాలి. కర్రలైతే రెండు పొట్టి కర్రల్ని అతికిన అతుకులు వరసగా ఒకేచోట ఉండకూడదు. పై స్లాబు బరువు కింది స్లాబు మీదకే వస్తుంది కాబట్టి కింది అంతస్తు జాకీలను ఎప్పుడు తీయవచ్చో ఇంజనీరే చెప్పాలి.

తర్వాత పైభాగం. షీట్ల సందులు టేపుతోగానీ పట్టీలతోగానీ మూయాలి. లేకపోతే సిమెంటు పాలు కారిపోయి, కింద తేనెపట్టులా రంధ్రాలు తేలిన కంకర మిగులుతుంది. షీట్లకు నూనె రాసే పని ఇనుము పరచకముందే పూర్తవ్వాలి. నూనె అంటిన రాడ్డుకు కాంక్రీటు పట్టదు. మట్టం చూడడానికి రసమట్టం, నీళ్ల పైపు చాలు. బీము, పిల్లరు బాక్సుల కొలతలు డ్రాయింగు కన్నా 12 మిల్లీమీటర్లు ఎక్కువ వరకు, 6 మిల్లీమీటర్లు తక్కువ వరకు ఐఎస్ 456 ఒప్పుకుంటుంది.

ఇనుము

ఇనుము తనిఖీలో మొదటి పని సరుకు గుర్తింపు. రాడ్ల మీద మిల్లు గుర్తు, గ్రేడు, ఐఎస్ 1786 ముద్ర ఉండాలి. బరువు చూసే లెక్క సులభం: మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు రాడ్డు బరువు కిలోల్లో వస్తుంది. 12 మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకు 0.89 కిలో, 12 మీటర్ల పూర్తి పొడవు దాదాపు 10.7 కిలోలు తూగాలి. 10 మిల్లీమీటర్లది మీటరుకు 0.62 కిలో, 8 మిల్లీమీటర్లది 0.395 కిలో. నాలుగైదు రాడ్లు కలిపి తూచి, లెక్కకు చాలా తక్కువ వస్తే ఆ సరుకును వాడకుండా పరీక్షకు పంపాలి. పలుచటి ఎర్ర తుప్పును గోనెతో రుద్ది తీసేయవచ్చు. పొరలుగా ఊడివచ్చే తుప్పు ఉన్న రాడ్డు పనికిరాదు.

రెండోది ఎడం. స్లాబులో మెయిన్ రాడ్లను ఎంత ఎడంలో పరిచారో ఒకచోట కాక నాలుగైదు చోట్ల టేపుతో కొలవాలి. ఒక మీటరు పొడవులో ఎన్ని రాడ్లున్నాయో లెక్కపెట్టడం ఇంకా నమ్మకమైన పద్ధతి. మెయిన్ రాడ్ల మధ్య ఎడం ఏ స్లాబులోనూ 300 మిల్లీమీటర్లు దాటకూడదు.

మూడోది అతుకులు. ఎఫ్‌ఈ 500 గ్రేడు ఇనుము, ఎం25 గ్రేడు కాంక్రీటు అయితే లాగుడు పడేచోట రాడ్డు మందానికి సుమారు 49 రెట్ల పొడవు అతుకు కావాలి. 12 మిల్లీమీటర్ల రాడ్డుకు అది 590 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండడుగులు. ఎం20 కాంక్రీటుకు ఇది 57 రెట్లకు పెరుగుతుంది. పాత అలవాటు ప్రకారం అడుగో అడుగున్నరో వేసి వదిలేయడం తరచూ కనబడే లోపం. బీములో కింది రాడ్ల అతుకు మధ్యలో, పై రాడ్ల అతుకు పిల్లరు దగ్గర రాకూడదు. అన్ని రాడ్ల అతుకులూ ఒకే గీత మీద పడకూడదు.

నాలుగోది కవరు. ఇనుముకూ షీటుకూ మధ్య ఎడం కోసం కవరు బిళ్లలు పెడతారు. వాటి స్థానంలో కంకర రాళ్లు, ఇటుక ముక్కలు, టైలు ముక్కలు పెట్టడం తప్పు. రాయి జారితే ఇనుము షీటుకు ఆనుతుంది, కొన్నేళ్లలో తుప్పు పట్టి ఉబ్బి పైకప్పు పెచ్చులు ఊడతాయి. పాత ఇళ్లలో బాత్రూము కింద, బాల్కనీ కింద పెచ్చులు రాలడానికి చాలాచోట్ల కారణం ఇదే. కవరు కొలతలో 10 మిల్లీమీటర్ల ఎక్కువకు సడలింపు ఉంది, తక్కువకు లేదు.

ఐదోది పై ఇనుము. బాల్కనీ, సజ్జా వంటివి ఒక పక్కే పట్టు ఉండి గాలిలోకి పొడుచుకు వస్తాయి. వాటిలో లాగుడు పై భాగంలో పడుతుంది కాబట్టి మెయిన్ రాడ్లు పైనే ఉండాలి. అవి బీము దాటి లోపలి స్లాబులోకి తగినంత పొడవు వెళ్లాలి. పోత రోజు కూలీలు తొక్కితే ఆ రాడ్లు కిందికి అణిగిపోతాయి. అణిగిన రాడ్లు ఉన్న బాల్కనీ జాకీలు తీసిన రోజే కూలిపోవచ్చు. అందుకే పై రాడ్లను ఎత్తి పట్టే చైర్లు దగ్గర దగ్గరగా పెట్టి, నడవడానికి బల్లలు వేసి, పోత సాగుతున్నంతసేపూ ఒక మనిషిని ప్రత్యేకంగా ఈ రాడ్లను చూసుకోవడానికి ఉంచాలి. ఇరుకు ప్లాట్లలో గాలి, వెలుతురు కోసం బాల్కనీ మీదే ఆధారపడే అమీర్‌పేట ఇళ్లలో ఈ ఒక్క అంశానికి ఎంత సమయం ఇచ్చినా ఎక్కువ కాదు.

కరెంటు పైపులు, నీటి గొట్టాలు

ఫ్యాను బాక్సులు, లైటు పాయింట్లు, వాటిని కలిపే పైపులు పోతకు ముందే అమరుతాయి. పైపులు కింది ఇనుముకు పైన, పై ఇనుముకు కింద ఉండాలి. షీటు మీద నేరుగా పరిస్తే అక్కడ కవరు మాయమవుతుంది. నాలుగైదు పైపులు ఒకేచోట కట్టగా వెళ్తే ఆ గీత వెంట స్లాబు బలహీనమై పగులుతుంది. వాటిని విడివిడిగా పంపాలి. ఫ్యాను కొక్కెం కింది రాడ్లకు చుట్టుకుని ఉండాలి. బాక్సుల మూతుల్లో కాగితమో థర్మాకోలో కుక్కకపోతే కాంక్రీటు నిండిపోతుంది. బాత్రూముల దగ్గర స్లాబు దించిన లోతు, గొట్టాలు దిగే చోట్ల వదిలిన కన్నాలు ప్లంబరుతో సరిచూడాలి. కన్నం మరిచిపోయి తర్వాత డ్రిల్లుతో కోసినప్పుడు రాడ్లు తెగుతాయి. బీములో నీటి గొట్టానికి కన్నం పెట్టవలసి వస్తే ఇంజనీరు చూపిన చోట, ఆయన చెప్పిన కొలతలోనే పెట్టాలి.

పోత రోజు

ఇంజనీరు పరిశీలన పోతకు ఒకరోజు ముందే జరగాలి. లారీ గేటు ముందు నిలబడ్డాక దొరికిన తప్పును దిద్దడానికి ఎవరికీ మనసొప్పదు. దిద్దడానికి ఒక పూట మిగిలేలా పని ముగించడమే తనిఖీకి అసలైన సంసిద్ధత.

ఇనుము ఉన్న కాంక్రీటుకు కనీస గ్రేడు ఎం20. సైటులో పాళ్ల లెక్కన కలిపే పద్ధతిని ఐఎస్ 456 ఎం20 వరకే ఒప్పుకుంటుంది, ఆ పాళ్లు ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. ఎం25, ఆపైవాటికి మిక్స్ డిజైను కావాలి. నీళ్లు సిమెంటు బరువులో ఎం20కి 0.55 వంతు, ఎం25కి 0.50 వంతు మించకూడదు. రెడీమిక్స్ లారీ వస్తే చలానాలో గ్రేడు, బయలుదేరిన సమయం చూడాలి. నింపిన రెండు గంటల్లోపు దింపాలన్నది ఐఎస్ 4926 నియమం. పంజాగుట్ట ట్రాఫిక్‌లో లారీ చిక్కుకుని కాంక్రీటు చిక్కబడితే డ్రమ్ములో నీళ్లు పోయించడం అందరికీ తోచే ఉపాయం. అదే కాంక్రీటు బలాన్ని తీసేస్తుంది. అలాంటి లారీని తిప్పి పంపడమే సరైనది.

పరీక్ష కోసం 150 మిల్లీమీటర్ల క్యూబులు తీయాలి. పోత 6 నుంచి 15 ఘనపు మీటర్లుంటే రెండు నమూనాలు, 16 నుంచి 30 వరకు ఉంటే మూడు. ఒక్కో నమూనాకు మూడు క్యూబులు. 28వ రోజు వాటిని ప్రయోగశాలలో నలిపి బలం చూస్తారు. కాంక్రీటును ఒకటిన్నర మీటర్ల కన్నా ఎత్తు నుంచి జారవిడవకూడదు. వైబ్రేటరు సూదిని నిలువుగా దించి, నెమ్మదిగా పైకి తీయాలి. వాన వచ్చి పని ఆపవలసి వస్తే ఎక్కడ ఆపాలో ముందే ఇంజనీరును అడిగి ఉంచుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు టార్పాలిన్లు సైటులో లేకుండా పోత మొదలుపెట్టకూడదు.

నీళ్లు పట్టడం, సెంట్రింగ్ విప్పడం

స్లాబు మీద ఇసుకతోనో మట్టితోనో మడులు కట్టి నీళ్లు నింపుతారు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండ మండే రోజుల్లోనూ బూడిద కలిసిన సిమెంటు వాడినప్పుడూ కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే హైదరాబాదులో పోసిన తొలి గంటల్లోనే తడి గోనెలు కప్పకపోతే సన్న పగుళ్లు వస్తాయి. పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి తడుపుతూ ఉండాలి.

సెంట్రింగ్ విప్పడానికి ఐఎస్ 456 ఇచ్చిన కనీస గడువులు మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు, వెచ్చని వాతావరణానికి వర్తిస్తాయి. పిల్లరు, బీము పక్క బల్లలు 16 నుంచి 24 గంటల తర్వాత తీయవచ్చు. స్లాబు కింది షీట్లను, జాకీలు వెంటనే తిరిగి పెట్టే షరతు మీద, 3 రోజులకు తీయవచ్చు. స్లాబు జాకీలు 4.5 మీటర్ల వరకు పరిధికి 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీముల జాకీలు 6 మీటర్ల వరకు 14 రోజులు, మించితే 21 రోజులు. బూడిద కలిసిన సిమెంటు నెమ్మదిగా బలపడుతుంది కాబట్టి గడువు ఇంజనీరును అడిగి పెంచాలి. సెంట్రింగ్ అద్దె రోజుల లెక్కన పెరుగుతుంది కనుక తొందరగా విప్పమని ఒత్తిడి వస్తుంది. కానీ కూలిన స్లాబుతో పోలిస్తే వారం రోజుల అద్దె చాలా చిన్న ఖర్చు.

మనుషులు, భద్రత

సెంట్రింగ్, రాడ్ బెండింగ్, పోత వేర్వేరు ముఠాల పనులు. పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చిన కూలీలు ఈ పనుల్లో కనిపిస్తారు. 1998లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ తాపీ, బార్ బెండింగ్, షట్టరింగ్ పనుల్లో శిక్షణ ఇస్తోంది. అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో కంప్యూటరు మీద డిజైను, డ్రాయింగు నేర్చుకుని సైటుకు వచ్చే యువ ఇంజనీర్లు కూడా ఉన్నారు. తెర మీద గీసిన రింగు సైటులో ఎలా వంగుతుందో వాళ్లకు నేర్పేది అనుభవమున్న మేస్త్రీయే. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలు చేసే ఏర్పాటు తెచ్చింది. హెల్మెట్లు, అంచుల చుట్టూ అడ్డకట్లు, నిచ్చెన బిగింపు, పైకి పొడుచుకొచ్చిన రాడ్ల కొనలకు తొడుగులు కూడా తనిఖీ పట్టికలో భాగమే.

రికార్డు

పరిశీలన ముగిశాక తేదీ, అంతస్తు, చూసినవారి పేరు, కనిపించిన లోపాలు, వాటిని దిద్దిన తీరు ఒక పుస్తకంలో రాసి ఇంజనీరు సంతకం తీసుకోవాలి. ప్రతి బీము, ప్రతి స్లాబు మూల, ప్రతి బాల్కనీ ఇనుమును టేపు పక్కన పెట్టి ఫొటోలు తీయాలి. కరెంటు పైపులు వెళ్లిన దారులు ఆ ఫొటోల్లో ఉంటే, పదేళ్ల తర్వాత ఏసీ బిగించడానికి డ్రిల్లు పట్టిన మనిషి ఏ తీగా కోయడు.

కట్టడం పూర్తయ్యాక నివాస యోగ్యతా పత్రం కోసం దరఖాస్తు చేస్తారు. చిన్న స్థలాల్లోని ఇళ్లను మినహాయిస్తే, అనుమతి సమయంలో కట్టుబడి వైశాల్యంలో పది శాతం మేర హామీగా జీహెచ్‌ఎంసీకి రాసిచ్చి ఉంటారు. ఆ పత్రం వచ్చాకే హామీ విడుదలవుతుంది. అప్పుడు అధికారి చూడగలిగేది రంగు వేసిన గోడల్ని, కొలతల్ని, ఖాళీ జాగాల్ని. స్లాబు కడుపులో ఏముందో చెప్పడానికి అప్పటికి మిగిలేవి ఈ పుస్తకం, ఈ ఫొటోలు, క్యూబు పరీక్షల కాగితాలు మాత్రమే. ఇల్లు అమ్మినా, పైన మరో అంతస్తు లేపాలన్నా, ఎప్పుడో ఒక పగులు కనిపించినా మొదట అడిగేది వాటినే. అందుకే ఇంటి దస్తావేజులతో పాటు వాటిని కూడా భద్రపరచాలి.